ఎకరాకు పది బస్తాలు ఎక్కడ జారిపోతున్నాయి?

విశాఖ జిల్లా పద్మనాభం మండలంలో ఆగస్టు నెలాఖరున ఏ గట్టు మీద నిలబడి చూసినా వరి మడి పచ్చగా, నిండుగానే కనిపిస్తుంది. అదే మడిలోకి దిగి, మీటరు పొడవున్న నాలుగు వెదురు బద్దల్ని చతురస్రంగా పరిచి, మధ్యలో ఉన్న కుదుళ్లు (ఒక్కోచోట కలిపి నాటిన మొక్కల గుంపులు) లెక్కపెడితే సంగతి వేరుగా తేలుతుంది. ఖరీఫ్ వరిలో చదరపు మీటరుకు 33 కుదుళ్లు ఉండాలని వ్యవసాయ విశ్వవిద్యాలయం చెబుతుంది. వరసకూ వరసకూ మధ్య 20 సెంటీమీటర్లు, కుదురుకూ కుదురుకూ మధ్య 15 సెంటీమీటర్లు వదిలితే సరిగ్గా అన్నే పడతాయి. ఎకరాకు ఇంతని గుత్తకు మాట్లాడి ఊడ్పించిన (నాట్లు వేయించిన) మళ్లలో ఈ లెక్క 20 దగ్గరే ఆగిపోయే చోట్లు వెతకకుండానే దొరుకుతాయి.

ఆ తేడా ఎంత ఖరీదో కాగితం మీద వేసి చూడవచ్చు. కుదురుకు 10 కంకులు, కంకికి 100 గట్టి గింజలు, వెయ్యి గింజల బరువు 20 గ్రాములు అనుకుందాం. 33 కుదుళ్లున్న చదరపు మీటరులో 33,000 గింజలు, అంటే 660 గ్రాముల ధాన్యం. ఎకరం 4,047 చదరపు మీటర్లు కాబట్టి ఎకరాకు సుమారు 2,670 కిలోలు. ఇప్పుడు 20 కుదుళ్ల మడిని చూడండి. పలచగా ఉంది కాబట్టి ఒక్కో కుదురు కాస్త ఎక్కువ పిలకలేసి 12 కంకులు ఇచ్చిందనే అనుకుందాం. అప్పుడు కూడా 24,000 గింజలు, 480 గ్రాములు, ఎకరాకు 1,940 కిలోలు. తేడా దాదాపు 730 కిలోలు. 75 కిలోల బస్తా లెక్కన పది బస్తాలకు కాస్త తక్కువ. 2025-26 సీజనుకు సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అంటే ఎకరాకు 17 వేల రూపాయల పైమాట.

ఇది ఒక మడిలో కొలిచి చెప్పిన లెక్క కాదు, అంచనా లెక్కే. రకాన్ని బట్టి, నేలను బట్టి అంకెలు మారతాయి. కానీ రెండు మళ్లకూ విత్తనం ఒకటే, దుక్కి ఒకటే, ఎరువు ఒకటే, మందుల ఖర్చు ఒకటే అన్న సంగతి మారదు. పోయిన పది బస్తాలూ ఉడుపు జరిగిన ఆ ఒక్క పూటలో పోయాయి. తర్వాత ఎన్ని బస్తాల యూరియా చల్లినా తిరిగి రావు.

వరి దిగుబడి పెంచడం అనగానే కొత్త వంగడం, కొత్త మందు, కొత్త యంత్రం గుర్తుకొస్తాయి. అవి అక్కర్లేదని కాదు. కానీ విశాఖ చుట్టుపక్కల, చెరువుల కిందా, గెడ్డల కిందా, వానను నమ్ముకునీ రెండెకరాలు మూడెకరాలు చేసుకునే రైతు దగ్గర దిగుబడి జారిపోయేది ఎక్కువగా అదను దగ్గర. ఏం చేయాలో తెలియక కాదు, చేయాల్సిన రోజున చేయలేక. రైతుకు సాయం చేయాలనుకునేవాళ్లు, అధికారులైనా స్వచ్ఛంద సంస్థలైనా, ముందుగా పట్టించుకోవలసింది ఈ రోజుల లెక్కే.

ఆకుమడిలో ముదిరిపోయే పంట

నారు వయసుకు పాత కొండగుర్తు ఒకటి ఉంది: పంటకాలంలో నెలకు ఒక వారం. నాలుగు నెలల రకమైతే నాలుగు వారాల్లోపు నారు తీసి ఊడ్చేయాలి. ఐదు నెలల స్వర్ణ, సాంబ మసూరి లాంటివైతే ఐదు వారాల దాకా ఆగవచ్చు. వరి మొక్క పిలకలు పెట్టడానికి దానికంటూ ఒక గడువు ఉంటుంది. ఆ గడువు నారు పెంచే ఆకుమడిలో, ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ నిలబడిన మొక్కల మధ్యే అయిపోతే, పొలంలోకి వచ్చాక పిలకలు వేయడానికి రోజులు మిగలవు. 45 రోజులు దాటిన స్వల్పకాలిక రకం నారును పీకి, మొదలు దగ్గర వేలితో నొక్కి చూస్తే కొన్నింటిలో అప్పుడే గణుపు కడుతున్న గట్టిదనం తెలుస్తుంది. అలాంటి మొక్కను పొలంలో పెడితే నాలుగు పిలకలు వేసి, చిన్న కంకి తీసి చేతులెత్తేస్తుంది.

ఈ విషయం ఏ రైతుకు తెలియదు? అందరికీ తెలుసు. మరి నారు ఎందుకు ముదురుతుంది? మృగశిరలో తొలకరి పడగానే ఆకుమడి పోస్తారు. పునర్వసు, పుష్యమి కార్తెల్లో చెరువు నిండితే దమ్ము (నీళ్లు పెట్టి బురదగా దున్నడం) చేద్దామని చూస్తారు. వాన వెనకబడుతుంది. వాన పడ్డాక ఊరంతటికీ ఒకేసారి ట్రాక్టరు కావాలి. ట్రాక్టరు దొరికితే మనుషులు దొరకరు. పరవాడ ఫార్మా కంపెనీల వైపు, అచ్యుతాపురం వైపు, నగరంలో కట్టుబడి పనులకూ పొద్దున్నే ఆటోలెక్కి వెళ్లిపోయే ఊళ్లలో ఉడుపుల సీజన్‌కు పది మందిని కూడగట్టడమే పెద్ద టెన్షన్. ఇలా ఒక్కొక్క కారణానికీ ఐదు రోజులు, వారం చొప్పున పోతే 25 రోజుల నారు 45 రోజులకు చేరుతుంది.

కాబట్టి ఇక్కడ 'లేత నారు వేయండి' అని గోడ మీద రాస్తే సరిపోదు. అందుకు వీలు కల్పించే ఏర్పాట్లు కావాలి. ఒక ఆకుమడి బదులు, పదిహేను రోజుల తేడాతో రెండు పోసుకోవడం ఒక దారి. ఎకరా ఉడుపుకు కావలసింది 5 సెంట్ల ఆకుమడి, 20 నుంచి 25 కిలోల విత్తనమే. రెండోసారి పోసే విత్తనం ఖర్చు, ముదురు నారు వల్ల పోయే బస్తాల ముందు చిన్నది. ఊళ్లో బోరు నీళ్లున్న ఒకరి చేను దగ్గర పది మందికి కలిపి ఆకుమడి పోయించడం ఇంకో దారి. నీటి వసతి లేని రైతుకు కూడా సరైన వయసున్న నారు చేతికొస్తుంది. రైతు సేవా కేంద్రాలు కొంచెం చొరవ చూపితే ఊరికి రెండు మూడు ఆకుమళ్లు ఇలా నడపడం పెద్ద పనేం కాదు.

ఎంత జాగ్రత్తపడ్డా నారు ముదిరిపోయిందనుకోండి. అప్పుడు కుదురుకు రెండు మూడు మొక్కల బదులు నాలుగైదు పెట్టి, కుదుళ్లు దగ్గర చేయాలి. నత్రజనిని మూడు దఫాలుగా కాకుండా ఎక్కువ భాగం దమ్ములోనే వేసి, మిగిలింది అంకురం దశలో, అంటే పిలక లోపల కంకి మొదలయ్యేటప్పుడు వేయాలి. ముదురు మొక్కకు తీరిగ్గా తినే కాలం లేదు. నారు కొసలు తుంచి నాటితే వాటి మీద కాండం తొలుచు పురుగు పెట్టిన గుడ్లు కూడా పోతాయి. ఇది ఏ వయసు నారుకైనా మంచిదే.

ఉడుపు బాధే లేకుండా నేరుగా విత్తే పద్ధతి ఉత్తరాంధ్రకు కొత్తేం కాదు. పొడి దుక్కిలో ఎద చల్లడం తాతల నాటిదే. ఇప్పుడు డ్రమ్ సీడరుతో మొలకెత్తిన విత్తనాన్ని వరసల్లో పెడుతున్నారు. కూలీ ఖర్చు బాగా కలిసొస్తుంది, పంట కూడా వారం పది రోజులు ముందు వస్తుంది. కానీ మడి చదునుగా లేకపోతే పల్లంలో గింజ కుళ్లుతుంది, మిట్ట మీద కలుపు లేస్తుంది. మొదటి నెల రోజులు కలుపును అదుపులో పెట్టలేని రైతుకు దీన్ని అంటగడితే మేలు కంటే చేటే ఎక్కువ.

గుత్త ఉడుపుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పలచగా ఊడ్చారని ఆడకూలీలను తిట్టడం అన్యాయం. ఎకరాకు ఇంతని మాట్లాడినప్పుడు ఎంత త్వరగా ముగిస్తే అంత గిట్టుబాటు. నడుం వంచి బురదలో వెనక్కి నడుస్తూ చేసే పని అది. కుదుళ్లు దగ్గరగా పెట్టాలంటే వాళ్లకు గంటలు పెరుగుతాయి. ఆ గంటలకు డబ్బు కట్టాలి. ముందే చదరపు మీటరుకు 30కి తగ్గకుండా అని మాట్లాడుకుని, ఎకరాకు కొంత పైన ఇచ్చి, సాయంత్రం ఆ వెదురు చట్రం వేసి ఇద్దరూ కలిసి లెక్కపెట్టుకుంటే గొడవే ఉండదు. శిక్షణ శిబిరాలకు మగవాళ్లనే పిలిచి, ఉడుపు ఊడ్చే చేతులకు ఆ చట్రం ఎప్పుడూ చూపించకపోవడం పెద్ద పొరపాటు.

ఉప్పునీళ్లలో కోడిగుడ్డు

విత్తనం విషయంలో ఒక చిన్న పని ఉంది. పైసా ఖర్చు లేదనవచ్చు. పది లీటర్ల నీళ్లు బకెట్లో పోసి, అందులో తాజా కోడిగుడ్డు వేస్తే అడుగుకు పోతుంది. కల్లుప్పు గుప్పెడు గుప్పెడు వేసి కలుపుతూ ఉంటే, కాసేపటికి గుడ్డు లేచి, రూపాయి బిళ్లంత మేర నీటిపైన తేలుతుంది. అక్కడ ఆపాలి. గుడ్డు తీసి, విత్తనాలు పోసి చేత్తో కలిపితే తాలు, సగం నిండిన గింజలు పైకి వస్తాయి. అవి తీసేయాలి. అడుగున మిగిలినవే గట్టి గింజలు. వాటిని రెండు మూడుసార్లు మంచినీళ్లతో కడిగి, ఆ తర్వాతే నానబెట్టి, మొలకెత్తడానికి మండె కట్టాలి. కడగడం మరిచిపోతే ఉప్పు మొలకను దెబ్బతీస్తుంది. ఉత్త నీళ్లలో పోసినా తాలు తేలుతుంది కానీ, సగం నిండిన గింజ తేలదు. ఆకుమడిలో బక్కగా లేచే మొక్కలు చాలావరకు ఆ సగం గింజలవే.

ఇంటి విత్తనం వాడేవాళ్లు ఒక తడి గోనె ముక్కలో వంద గింజలు చుట్టి మొలకలు లెక్కపెట్టుకుంటే చాలు. 80కి తగ్గితే ఆ విత్తనం పనికిరాదు. మూడేళ్లు వరసగా అదే విత్తనం వేస్తే కేళీలు (వేరే రకం కలిసిన మొక్కలు) పెరుగుతాయి. కేళీలున్న ధాన్యం ఒకేసారి పండదు, మిల్లులో నూకవుతుంది.

కోత నుంచి వెనక్కి లెక్క

ఏ రకం వేయాలన్నది మామూలుగా పక్క పొలం చూసి, లేదా కొట్టులో ఏది ఉంటే అది చూసి తేలుతుంది. ఈ తీరంలో ఆ నిర్ణయం కోత తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి తీసుకోవాలి. ఎందుకంటే బంగాళాఖాతంలో వాయుగుండాలు లేచేది సరిగ్గా వరి పూతకొచ్చే, కోతకొచ్చే రోజుల్లో. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. తిత్లీ శ్రీకాకుళం తీరాన్ని దాటింది 2018 అక్టోబరు 11న. గులాబ్ 2021 సెప్టెంబరు చివర్లో వచ్చింది, మిగ్‌జాం 2023 డిసెంబరు మొదట్లో. ఇన్నిటిని తప్పించుకునే ఒకే తేదీ లేదు.

వరి పూత నుంచి కోతకు సుమారు నెల. జూన్ మొదట్లో విత్తిన 120 రోజుల రకం అక్టోబరు మొదట్లో, ఇంకా వానలు పడుతుండగానే కోతకొస్తుంది. కళ్లంలో ఆరబెట్టుకునే ఎండ దొరకదు. జూలై మధ్యలో విత్తిన 150 రోజుల రకం డిసెంబరు మధ్య దాకా పోతుంది. కోతకు ఎండ బాగానే ఉంటుంది. కానీ పూత నవంబరు మధ్యలో, చెరువు అడుగంటే రోజుల్లో వస్తుంది. పాలు పోసుకునే దశలో నీళ్లు అందకపోతే తాలే మిగులుతుంది. జూన్ నెలాఖరులోపు పోయగలిగితే ఐదు నెలల రకం, జూలై మూడో వారానికి జారిపోతే నాలుగు నెలల రకం అన్నది ఇక్కడికి దగ్గరి లెక్క. విజేత, కాటన్‌దొర సన్నాలు, శ్రీధృతి లాంటి పేర్లలో ఏది గొప్పదన్న చర్చ కంటే, ఈసారి వాన ఏ తేదీకి పడింది, చెరువులో నీళ్లు ఏ తేదీ దాకా ఉంటాయి అన్న రెండు ప్రశ్నలకు జవాబు ముందు కావాలి. ఊరంతా ఒకే రకం వేయకుండా, కనీసం రెండు కాలపరిమితులు కలిసేలా చూసుకుంటే తుపాను వచ్చినా అందరి పంటా ఒకే దశలో దొరకదు.

వాతావరణ శాఖ ప్రతి మంగళ, శుక్రవారాల్లో జిల్లాల వారీగా వ్యవసాయ సలహాల బులెటిన్ ఇస్తుంది. తుపాను హెచ్చరికల కేంద్రం విశాఖ నగరంలోనే ఉంది. ఆ సమాచారం నలభై కిలోమీటర్ల దూరంలోని పొలానికి ఎరువు చల్లే ముందు రోజే చేరాలి. చల్లిన మర్నాడు చేరితే ఉపయోగం లేదు.

బ్లేడుతో చీల్చి చూస్తే

ఎరువుల విషయంలో అతి తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చేది మోతాదు మార్చడం కాదు, రోజు మార్చడం. నత్రజనిని మూడు భాగాలు చేసి దమ్ములో ఒకటి, పిలకలప్పుడు ఒకటి, అంకురం దశలో ఒకటి వేయాలన్నది అందరూ వినే సలహా. ఈ మూడోదే ఎక్కువగా తప్పుతుంది. చిరుపొట్ట కనిపించాక వేస్తారు. అప్పటికి కంకిలో ఎన్ని గింజలు ఉండాలో నిర్ణయమైపోయి ఉంటుంది.

అంకురం దశ కంటికి కనపడదు, కానీ పట్టుకోవడం కష్టం కాదు. పూతకు సుమారు నెల ముందు, అంటే 120 రోజుల రకంలో విత్తిన 55, 60 రోజుల మధ్య, కుదుళ్లోంచి అన్నింటికంటే పెద్ద పిలకను మొదలంటా పీకాలి. కొత్త బ్లేడుతో వేరు దగ్గర్నుంచి పైకి నిలువుగా రెండుగా చీల్చాలి. అడుగున ఒకదానిపై ఒకటి గణుపులు, వాటి మధ్య చిన్న చిన్న గుల్లలు కనిపిస్తాయి. అన్నిటికంటే పైనున్న గణుపు మీద, ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎత్తున తెల్లటి కుచ్చులాంటి మొన కనిపిస్తే అదే కంకి. ఐదారు పిలకలు చీల్చితే సగానికి పైగా ఆ కుచ్చు ఉందంటే ఆ వారమే యూరియా చల్లే రోజు. తేలిక నేలలైతే పొటాష్‌లో సగం కూడా అప్పుడే. ఒకసారి ఆ తెల్లటి మొనను తన కళ్లతో చూసిన రైతుకు మళ్లీ ఎవరూ తేదీ చెప్పనక్కర్లేదు. పది పేజీల కరపత్రం చేయలేని పని ఒక బ్లేడు చేస్తుంది.

పైపాటుగా డీఏపీ వేయడం ఇంకా చాలాచోట్ల కనిపించే అలవాటు. 50 కిలోల డీఏపీ బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. భాస్వరం నేలలో పడ్డచోటే పట్టుకుంటుంది, వేరు దగ్గరికి కదిలి వెళ్లదు. అందుకే దాన్ని దమ్ములోనే వేయాలి. నాటిన నెలకు పైన చల్లితే ఆ పంటకు అందేది దాదాపు ఆ 9 కిలోల నత్రజనే. అంతే నత్రజని 20 కిలోల యూరియాలో వస్తుంది. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు కాబట్టి, అది 120 రూపాయలకు లోపు. దాని కోసం 1,350 రూపాయల డీఏపీ బస్తా ఖర్చవుతోంది. రైతు ఈ తప్పు చేసేది తెలివితక్కువతనంతో కాదు. యూరియా కోసం క్యూలు కట్టిన సీజన్లలో, కొట్టులో ఏది ఉంటే అది తెచ్చుకోవాల్సి వచ్చినప్పుడు పుట్టిన అలవాటు ఇది. అదనుకు యూరియా అందించలేని వ్యవస్థ, అదను గురించి రైతుకు పాఠాలు చెప్పడం న్యాయం కాదు.

నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఆకుల మీద తుప్పు మచ్చలు, మధ్య ఈనె తెల్లబారడం కనిపిస్తే అది జింకు లోపం. చాలామంది దాన్ని తెగులనుకుని మందు కొడతారు. లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి ఐదు రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేస్తే పైరు తేరుకుంటుంది. తర్వాతి పంటకు దమ్ములో ఎకరాకు 20 కిలోలు వేసుకోవాలి, భాస్వరం ఎరువుతో కలపకుండా, రెండు మూడు రోజుల ఎడంతో.

యూరియా ఎక్కువైతే ఏమవుతుందో అక్టోబరులో దోమపోటు చెబుతుంది. ముదురాకుపచ్చగా, గుబురుగా, గాలి ఆడకుండా ఉన్న మడిలో సుడిదోమ కుదురు మొదట్లో చేరుతుంది. పైనుంచి కొట్టిన మందు దాని దాకా పోదు. ఉడుపులప్పుడే ప్రతి రెండు మీటర్లకూ 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదిలితే మొదళ్లకు ఎండ, గాలి తగులుతాయి, మనిషి లోపలికి వెళ్లి కుదురు తట్టి చూడగలడు. ఆ బాటల వల్ల పంట తగ్గుతుందని భయపడేవాళ్లు ఎక్కువ. అంచుల్లో కుదుళ్లు బలంగా పెరిగి ఆ లోటును చాలావరకు పూడుస్తాయి.

పొలం ఎవరిది, నీళ్లు ఎవరివి

2022 ఏప్రిల్ 4న పాత విశాఖ జిల్లా మూడు ముక్కలయ్యాక, విశాఖపట్నం పేరు మిగిలిన జిల్లాలో సేద్యం చాలావరకు పద్మనాభం, ఆనందపురం, భీమిలి, పెందుర్తి వైపే. ఆ నేలల మీద నగరం కన్ను ఉంది. రోడ్డుకు ఒక పక్క వెంచరు రాళ్లు, ఇంకో పక్క వరి మడి. యజమాని నగరంలోనో హైదరాబాద్‌లోనో ఉంటాడు, దున్నేది కౌలుదారు. వచ్చే ఏడు ఈ పొలం తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషికి 'నేల ఆరోగ్యం చూసుకోండి' అని చెప్పడంలో అర్థం లేదు. పచ్చిరొట్ట కోసం జీలుగ చల్లి, పూత దశలో కలియదున్నితే నేల బాగుపడుతుంది. గత్తం (పశువుల ఎరువు) తోలితే ఇంకా బాగుపడుతుంది. ఆ ఫలితం రెండు మూడేళ్లు ఉంటుంది. ఖర్చు మాత్రం మొదటి ఏడే, కౌలుదారు జేబులోంచే.

2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద 11 నెలల గుర్తింపు కార్డు ఇస్తారు. దానికి యజమాని ఒప్పుకోలు కావాలి. భూమి ధర ఏటేటా పెరిగే చోట సంతకం పెట్టడానికి యజమాని జంకుతాడు. కార్డు లేకపోతే పంట రుణం, బీమా, పరిహారం అన్నీ కష్టమే. దిగుబడి పెంచే పథకాల్లో దీన్ని వేరే శాఖ సమస్యగా పక్కన పెట్టడం మామూలైపోయింది. ఒక పంటకు పనికొచ్చే సలహాలు, అంటే కుదుళ్ల లెక్క, నారు వయసు, యూరియా రోజు కౌలుదారుకు చెప్పాలి. నేలను బాగుచేసే ఖర్చును యజమాని దగ్గరికి, లేదా సబ్సిడీ దగ్గరికి తీసుకెళ్లాలి. ఇద్దరికీ ఒకే కరపత్రం పంచితే కుదరదు.

నీళ్లదీ ఇదే కథ. దేవరాపల్లి మండలంలోని రైవాడ జలాశయం ఆయకట్టునూ తడపాలి, విశాఖ నగరం దాహమూ తీర్చాలి. వాన వెనకబడిన ఏడు ఈ రెండింటి మధ్య నలిగేది ఉడుపు తేదీయే. వరి పిలకలేసే రోజుల్లో మడిలో ఎప్పుడూ నీళ్లు నిలవ ఉండనక్కర్లేదు. పల్చగా పెట్టి, ఇంకాక మళ్లీ పెట్టే తడి-పొడి పద్ధతిలో నీళ్లు చాలా మిగులుతాయి. కానీ మళ్లీ నీళ్లు వస్తాయన్న నమ్మకం ఉన్న రైతే మడిని ఆరనిస్తాడు. నమ్మకం లేనివాడు వచ్చినప్పుడే గట్టు నిండా నింపుకుంటాడు. కాలువకు వంతుల తేదీలు ముందే ప్రకటించి, తప్పకుండా పాటిస్తే చాలు. తడి-పొడి గురించి వేరే ప్రచారం అక్కర్లేదు.

చోడి (రాగి) సంగతి రెండు మాటల్లో. వరికి నీళ్లు చాలవని తేలిన గరువు (మెట్ట) నేలల్లో, ఏజెన్సీ వాలు పొలాల్లో చోడిని వెదజల్లడం కంటే మూడు వారాల నారు వరసల్లో నాటితే పంట బాగా పెరుగుతుంది. విజయనగరం పరిశోధన స్థానం ఇచ్చిన శ్రీచైతన్య, హిమ, ఇంద్రావతి లాంటి రకాలున్నాయి. 2025-26కు చోడి మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు, వరికి రెట్టింపు దాటింది. కొనే కేంద్రం ఊరికి దగ్గరలో లేకపోతే ఆ అంకె రైతుకు అందదు.

శ్రీ వరి నేర్పిన పాఠం

మంచి పద్ధతి అన్నంత మాత్రాన పొలంలో నిలబడదు. దీనికి శ్రీ వరి సాగే ఉదాహరణ. 1980లలో మడగాస్కర్‌లో హెన్రీ ద లొలానీ అనే పాద్రీ రూపొందించిన ఈ పద్ధతి, 2003 ఖరీఫ్‌లో ఆంధ్రప్రదేశ్ రైతుల పొలాల్లోకి వచ్చింది. అప్పటి వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఆలపాటి సత్యనారాయణ దీనికి పెద్ద దిక్కు. ఎకరాకు 2 కిలోల విత్తనం, 8 నుంచి 12 రోజుల నారు, 25 సెంటీమీటర్ల ఎడంలో ఒక్కో మొక్క, కలుపు తొక్కే వీడరు. బాగా చేసినచోట పంట చూసి అందరూ ఆశ్చర్యపోయారు. కొన్నేళ్లకు చాలా ఊళ్లలో మానేశారు. కారణం వెతకనక్కర్లేదు. రెండాకుల మొక్క మునగకుండా ఉండాలంటే మడి అద్దంలా చదునుగా ఉండాలి, నీళ్లు చెప్పినట్టు వినాలి. చెరువు కింద ఒక మడి నుంచి ఇంకో మడికి నీళ్లు పారే చోట అది సాధ్యం కాదు. ఎడంగా, ఒక్కో మొక్కగా నాటే నేర్పు గుత్త ఉడుపుల్లో దొరకదు. అయితే శ్రీ వరి పూర్తిగా పోలేదు. లేత నారు విలువ, మొదళ్లకు గాలి తగలాలన్న ఆలోచన, వరసల్లో నాటడం చాలామంది రైతుల్లో మిగిలిపోయాయి. పద్ధతిని మొత్తంగా అప్పజెప్పకుండా, ముక్కలుగా విడదీసి, తమకు కుదిరే ముక్కను ఏరుకోనిచ్చి ఉంటే ఇంకా ఎక్కువ మిగిలేది.

పొలంబడి పుట్టింది ఇలాంటి ఆలోచన నుంచే. 1989లో ఇండోనేషియాలో దోమపోటు మీద మొదలైన ఈ పద్ధతిలో ఉపన్యాసం ఉండదు. రైతులు వారం వారం ఒకే మడిలోకి దిగి, కుదురు తట్టి, పురుగులు లెక్కపెట్టి, ఏం చేయాలో వాళ్లే తేల్చుకుంటారు. మన దగ్గర దీన్ని బాగా నడిపించాలంటే ఒక నియమం పెట్టుకోవాలి: ఒక సీజన్‌కు ఒక్క మార్పే. రైతు పొలంలోనే పక్కపక్కన రెండు మళ్లు తీసుకుని, ఒకదానిలో మామూలుగా, రెండోదానిలో కుదుళ్ల లెక్క మాత్రం మార్చి, మిగతాదంతా ఒకేలా చేయాలి. కోతప్పుడు రెండింటిలోనూ 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు కొలిచి, ఆ 25 చదరపు మీటర్లే కోసి, నూర్చి, తూచాలి. పంట కోత ప్రయోగాలకు అధికారులు వాడే కొలతే ఇది. అక్కడ ఒక కిలో తేడా వస్తే ఎకరాకు 162 కిలోల తేడా అని ఊరంతా చూస్తుండగా లెక్క తేలుతుంది. రాంబిల్లి మండలం హరిపురంలో భాగవతుల చారిటబుల్ ట్రస్టు నడిపే కృషి విజ్ఞాన కేంద్రం, 1913 నుంచి ఉన్న అనకాపల్లి పరిశోధన స్థానం ఇంత దగ్గర్లో ఉన్నాయి. వాటి పని ఫలితం ఎన్ని శిబిరాలు పెట్టారని కాక, ఇలాంటి జంట మళ్లు ఎన్ని ఊళ్లలో తూచారని చూడటం మేలు.

కళ్లంలో చివరి పది రోజులు

ఐదు నెలలు కాపాడిన పంట చివరి పది రోజుల్లో పోవడం ఈ తీరం రైతుకు కొత్త కాదు. కంకిలో పదింట తొమ్మిది గింజలు బంగారు రంగుకు వస్తే కోత మొదలుపెట్టవచ్చు. దానికి వారం పది రోజుల ముందే నీళ్లు తీసేయాలి. వాయుగుండం కబురు వస్తే కోత వాయిదా వేయడమే మంచిది. నిలబడిన పైరు తట్టుకున్నంత వానను పరిచిన పనలు తట్టుకోలేవు. పనలు తడిసిపోతే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వాటి మీద పిచికారీ చేస్తే మొలక రాకుండా ఆగుతుంది. రంగు మారడం కూడా తగ్గుతుంది. విత్తనానికి ఉంచుకునే ధాన్యం మీద మాత్రం ఇది చేయకూడదు.

కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. కోసిన రోజున 22 శాతం తేమ ఉన్న 100 కిలోల ధాన్యం, 17 శాతానికి ఆరేసరికి 94 కిలోలవుతుంది. ఆ ఆరు కిలోలూ నీళ్లే, దొంగతనం కాదు. కానీ తేమ ఎంతుందో తెలియకుండా, టార్పాలిన్ లేక, పైన మబ్బు చూసి భయపడి, పచ్చి ధాన్యాన్ని కళ్లంలోనే దళారికి అడిగిన రేటుకు అమ్మినప్పుడు పోయేది ఆరు కిలోలు కాదు. ఊరికి నాలుగు టార్పాలిన్లు, ఒక తేమ మీటరు కోతలకు పదిహేను రోజుల ముందే రైతు సేవా కేంద్రంలో ఉండాలి. మీటరు దొరకని పూట రైతు తన పద్ధతిలో చూసుకుంటాడు. గుప్పెడు గింజలు చేతిలోకి తీసుకుని, ఒక్కటి పంటి కింద పెట్టి కొరుకుతాడు. టక్కున విరిగితే సంచికి ఎత్తవచ్చు. మెత్తగా నలిగితే ఇంకో రెండు ఎండలు కావాలి.